ఏదో ఘోరం జరిగిపోయింది

తెర నల్లబడింది. పై మూలన తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసలు పడ్డాయి. కాసేపు అలాగే నిలబడి, టక్కున అంతా ఆరిపోయింది. కేబినెట్‌లో ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయింది.

"కరెంటు పోయిందా?" అన్నారు మాస్టారు.

పోలేదు. నెత్తిమీద సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఏం చేశావే?" రెండో ప్రశ్న మనవరాలికి.

2024 ఆగస్టు 15, గురువారం. ఊరు రాజమహేంద్రవరం. మర్నాడు వరలక్ష్మీవ్రతం, వంటింట్లో అమ్మమ్మ బూరెలకి పప్పు నానబోస్తోంది. జెండా పండగ, వ్రతం, శని, ఆది వరసాగ్గా కలిసిరావడంతో విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న మనవరాలు హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ ఉబుంటు అనే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి వెంట తెచ్చింది. అది ఆమె మొదటి సంవత్సరం నుంచీ వాడుతున్నదే. హాస్టల్లో ఎవరి లాప్‌టాప్ మొరాయించినా దానితోనే లేపేది. 2022 ఏప్రిల్‌లో విడుదలైన 22.04 వెర్షన్‌ని అప్పట్లోనే దించి అందులో రాసి పెట్టుకుంది. దాన్ని నమ్ముకునే తాతగారికి మాటిచ్చింది.

మాస్టారి పేరు, ఆ అమ్మాయి పేరు ఇక్కడ చెప్పడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే చెప్పుకుందాం.

మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. కోనసీమలోని తమ సొంతూరి చరిత్ర రాస్తున్నారు. ఏళ్ల తరబడి రాస్తున్నారు. కరణాల రికార్డులు, గుడి శాసనం, ఇంటిపేర్ల పుట్టుపూర్వోత్తరాలు, కాలవ తవ్విన కాలం నాటి కబుర్లు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో టైపు చేసి పెట్టుకున్నారు. తెలుగు డీటీపీ తెలిసినవాళ్లకి ఈ జంట గురించి వేరే చెప్పక్కర్లేదు. ఫాంటు ఉన్న సిస్టమ్‌లో ముత్యాల్లాంటి తెలుగు, లేని సిస్టమ్‌లో అదే ఫైలు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగమైన పిచ్చిరాత. ప్రెస్సుకి పంపిన ప్రతిసారీ ఎక్కడో ఒక ఒత్తు ఎగిరిపోవడం, ఫోను మీద ఫోను చేసి దిద్దించుకోవడం ఆయనకి మామూలే.

కంప్యూటర్ 2017లో కొన్న కంపెనీ డెస్క్‌టాప్. లోపల ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 11కి ఎనిమిదో తరమైనా ఉండాలి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగుతాయని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో ప్రకటించింది. అందుకని మనవరాలు ఒక మధ్యేమార్గం చెప్పింది: పేజ్‌మేకర్ కోసం విండోస్‌ని కదపకుండా ఉంచుదాం, పక్కన కొంత చోటు చేసి ఉబుంటు వేద్దాం, బ్యాంకు పనీ ఇంటర్నెట్టూ అందులో చూసుకో. మాస్టారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి ఊరి చరిత్ర మొత్తాన్ని విడిగా హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ని బీరువాలో పెట్టాకే సరేనన్నారు.

ఎఫ్12 నొక్కితే వచ్చే బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు కనబడింది. ఎంచుకుని ఎంటర్ కొట్టింది. అప్పుడు జరిగిందే మొదట చెప్పింది.

మాస్టారికి ముందు గుర్తొచ్చింది కంప్యూటర్ షాపు కుర్రాడు. ఫోన్ చేశారు. సంగతి సగమే విని, "ఎస్‌ఎంపీఎస్ పోయుంటుందండి, లేదంటే విండోస్ కొట్టేసుంటుంది. తెచ్చేయండి, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడతను. మన ఊళ్లలో కంప్యూటర్‌కి ఏ రోగమొచ్చినా మొదటి మందు ఇదే. ఆ మాట పట్టుకుని ఎన్ని ఇళ్లలో పెళ్లి ఫొటోలు గాలికి పోయాయో! ఈ ఇంట్లో మాత్రం మనవరాలు ఫోన్ పెట్టేయించింది. పెన్‌డ్రైవ్ పీకేసి పవర్ బటన్ నొక్కింది. విండోస్ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. పేజ్‌మేకర్ తెరుచుకుంది, ఫైళ్లన్నీ ఉన్నాయి. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పోతే ఇది జరగదు. అంటే ఒళ్లు బాగానే ఉంది, పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడే కూలబడుతోంది.

"అయితే నీ పెన్‌డ్రైవ్‌దే దోషం" అని తీర్పు చెప్పి మాస్టారు వీధరుగు మీదకి వెళ్లిపోయారు.

ఆ అనుమానమే నిజమైతే పని తేలిక. ముందు వైపు సాకెట్‌లోంచి తీసి వెనక మదర్‌బోర్డు మీదే ఉండే సాకెట్‌లో పెట్టింది. అదే తంతు. తన లాప్‌టాప్‌కి పెట్టింది. నిక్షేపంగా ఉబుంటు తెర వచ్చింది. ఆ లాప్‌టాప్‌లో విండోస్ లేదు, రెండో ఏట్నుంచీ ఉబుంటు ఒక్కటే. ఈ తేడా ఆ క్షణాన ఆమెకి తట్టలేదు. ఇన్‌స్టలేషన్ ఫైలేమైనా చెడిందేమోనని లాప్‌టాప్‌లో దాచుకున్న అసలు ఐఎస్‌ఓకి షా-256 లెక్క కట్టించి, ఉబుంటు వాళ్లు ప్రకటించిన అంకెతో పోల్చింది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా సరిపోయింది. ఆ ఐఎస్‌ఓనే మళ్లీ పెన్‌డ్రైవ్‌లోకి రాసింది. తాతగారి కంప్యూటర్‌కి పెట్టింది. తెల్ల అక్షరాలు, తర్వాత చీకటి.

ఇలాంటి చోట చాలామంది చేసే పొరపాట్లు కొన్నున్నాయి. ఐఎస్‌ఓని సినిమా ఫైలు కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లో వేసేసి బూట్ అవలేదంటారు. దాన్ని రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో రాయాలి. బూట్ ఆర్డర్ మార్చకుండా విండోసే వస్తోందంటారు. పెన్‌డ్రైవ్‌ని పాత పద్ధతికి తయారుచేసి, యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి ఒక్కటే తెలిసిన మెషీన్‌కి పెడతారు. ఈ మూడింట్లో ఏదైనా అయితే అసలు పెన్‌డ్రైవ్ వైపు చూడను కూడా చూడదు. ఇక్కడ చూస్తోంది, ఎక్కించుకుంటోంది, ఏదో చెప్పి మరీ ఆపేస్తోంది. ఏం చెబుతోందో చదవాలి. ఆ పని అప్పటిదాకా ఎవరూ చేయలేదు. ఆ నాలుగైదు సెకన్లూ అందరి కళ్లూ తెర మీద తప్ప అన్నిచోట్లా ఉన్నాయి.

అమ్మమ్మ ఫోన్ అడిగి తీసుకుంది మనవరాలు. ఆ ఇంట్లో కెమెరా బాగున్నది దానికే. టేబుల్ మీద నిఘంటువు నిలబెట్టి దానికి ఫోన్ ఆనించి, వీడియో ఆన్ చేసి, ఎఫ్12 నొక్కింది. ఆరిపోయాక వీడియోని వేలితో కొద్దికొద్దిగా వెనక్కి జరిపింది. అక్షరాలు కాస్త వణికినా నిలిచాయి. మొదటి వరస: వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్. రెండో వరస: సమ్‌థింగ్ హ్యాజ్ గాన్ సీరియస్లీ రాంగ్, ఎస్‌బ్యాట్ సెల్ఫ్-చెక్ ఫెయిల్డ్.

"ఏమంటుందే?" వంటింటి గుమ్మం నుంచి అమ్మమ్మ.

"ఏదో ఘోరం జరిగిపోయిందంటోంది అమ్మమ్మా."

"వ్రతం రేపు పెట్టుకుని అవేం మాటలే!"

నిజానికి ఆ కోపం కంప్యూటర్ మీదే చూపించాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇలాంటి మాటలు తోటి ఇంజినీరు చదువుతాడనుకుని రాస్తారు. ఇంట్లో కూర్చున్న మనిషికి అందులో భయపెట్టే సగం అర్థమవుతుంది, దారి చూపే సగం అర్థం కాదు. పైగా అయిదు సెకన్లలో చెరిపేస్తే ఎలా?

ఇంతకీ ఘోరమేమీ జరగలేదు. జరిగిందేమిటో తెలియాలంటే రెండు రోజులు వెనక్కి వెళ్లాలి.

బుధవారం పొద్దున్న మాస్టారు కంప్యూటర్ ఆన్ చేస్తే అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అంటూ నీలం తెర వచ్చింది. రెండోసారి కాఫీ తాగి వచ్చేసరికి అయిపోయింది. అంతకు ముందురోజు ఆగస్టు 13, రెండో మంగళవారం. నెలనెలా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు వదిలే రోజది. మన లెక్కలో ఆ రాత్రి పదిన్నర దాటాక మొదలవుతాయి. విండోస్ 10కి ఆ నెల వచ్చిన అప్‌డేట్ నంబరు కేబీ 5041580. ఎన్నో మరమ్మతుల మధ్య దాని వివరాల్లో ఒక చిన్న పేరా ఉంది: లోపమున్న పాత షిమ్‌లు ఇకపై నడవవు, పాత లినక్స్ ఐఎస్‌ఓలు బూట్ కాకపోవచ్చు, అలా అయితే మీ లినక్స్ వాళ్ల దగ్గర కొత్తది తెచ్చుకోండి. అప్‌డేట్ల వివరాలు చదివే ఇల్లు ఈ దేశంలో ఏదైనా ఉందా?

షిమ్ అన్నది చిన్న ప్రోగ్రామ్. 2012లో విండోస్ 8తో పాటు వచ్చిన కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ అనే కాపలా మొదలైంది. పవర్ బటన్ నొక్కగానే, విండోస్ లేవకముందే, తెలిసిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే నడవనిస్తుంది. కంప్యూటర్లలో సాధారణంగా ఉండేది మైక్రోసాఫ్ట్ తాళపుచెవి కాబట్టి, లినక్స్ వాళ్లు షిమ్‌ని ఆ కంపెనీ చేత సంతకం చేయించుకుని, దాని వెనకాల గ్రబ్ అనే తమ బూట్‌లోడర్‌ని, ఆ వెనక లినక్స్‌ని లేపుకుంటారు.

సంతకమైతే ఉంది. కానీ సంతకం పెట్టాక అందులో లోపం బయటపడితే? అలాంటివాటి గుర్తులన్నీ మదర్‌బోర్డు చిప్‌లో నిషేధాల జాబితాగా రాసిపెట్టాలి. 2020లో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే పెద్ద లోపం బయటపడినప్పుడు ఆ చిక్కేమిటో తెలిసొచ్చింది. మామూలుగా ఆ జాబితాకి ఉండే చోటు 32 కిలోబైట్లు. ఆ ఒక్క లోపానికే 3 సర్టిఫికెట్లు, 150 గుర్తులు రాయాల్సొచ్చి 10 కిలోబైట్లు పోయాయి. ఇంకో రెండు లోపాలొస్తే చోటు చాలదు. అప్పుడు పుట్టిందే ఎస్‌బ్యాట్. ఒక్కో ప్రోగ్రామ్‌ని పేరుపేరునా నిషేధించకుండా, ప్రతి భాగానికీ ఒక తరం నంబరు ఇస్తారు. పెద్ద లోపం దిద్దిన ప్రతిసారీ ఆ నంబరు ఒకటి పెరుగుతుంది. ఫలానా నంబరుకి తక్కువవి చెల్లవని చిప్‌లో ఒక చిన్న వాక్యం రాస్తే చాలు.

ఆ వాక్యమే బుధవారం పొద్దున్న మాస్టారి మదర్‌బోర్డులో మారింది. హార్డ్‌డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డు మీది చిప్‌లో. షాపు కుర్రాడు ఫార్మాట్ కొట్టినా, డిస్క్ మార్చినా ఆ వాక్యం అక్కడే ఉంటుంది. ఊరి చరిత్ర పోయేది, రోగం ఉండేది.

ఇంకో విచిత్రముంది. పెన్‌డ్రైవ్‌ని ఆపింది విండోస్ కాదు, అప్పటికి విండోస్ నిద్ర కూడా లేవలేదు. పెన్‌డ్రైవ్‌లోని షిమ్ నడవడం మొదలుపెట్టి, చిప్‌లో రాసిన కనీస నంబరు చదువుకుని, తన నంబరు చూసుకుని, తాను చెల్లనని తనే తేల్చుకుని కంప్యూటర్ ఆపేసింది. సెల్ఫ్-చెక్ అని తెర మీద పడింది అందుకే. మనవరాలి లాప్‌టాప్‌లో విండోస్ లేదు కాబట్టి ఆ వాక్యం అక్కడికి చేరలేదు, పెన్‌డ్రైవ్ అక్కడ హాయిగా నడిచింది.

ఇదంతా ఆ గురువారం ఆమెకి తెలియదు. సెక్యూరిటీ అన్న మాట పట్టుకుని, సాయంత్రం కంప్యూటర్ సెటప్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేసింది. (మీ ఇంట్లో ఇది చేసేముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసుకోండి. ఉంటే విండోస్ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ దగ్గర లేకపోతే నిజంగానే ఘోరం.) పెన్‌డ్రైవ్ పెట్టింది. ఉబుంటు తెర వచ్చేసింది.

"తాతయ్యా, వచ్చేసింది!"

మాస్టారు కళ్లజోడు సర్దుకుంటూ వచ్చారు. సంతోషించలేదు.

"ఏం తీసేస్తే వచ్చింది?"

చెప్పింది.

"ఆ కాపలా దేనికి పెట్టారు?"

అదీ చెప్పింది.

"పెన్షన్ పడే బ్యాంకు చూసుకోవడానికి కదా ఇది వేస్తానన్నావు. కాపలా తీసేసి బ్యాంకు చూసుకోమంటావా?"

"అది లేకపోయినా లినక్స్ నడుస్తుంది తాతయ్యా. చాలామంది ఆపేసుకునే వాడతారు."

"చాలామంది హెల్మెట్ లేకుండా కూడా తిరుగుతున్నారు. ఎందుకు ఆపిందో చెప్పు, అప్పుడు వేద్దువు గాని."

నా మటుకు నాకు ఈ కథలో అసలు సాంకేతిక నిపుణులు మాస్టారే అనిపిస్తుంది. అడ్డొచ్చిన దాన్ని పక్కకి తోసి పని కానిచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. అడ్డెందుకొచ్చిందో తేలేదాకా కదలనన్న మనిషి పక్కన ఉంటేనే సంగతి బయటపడేది. మనవరాలు చిన్నబుచ్చుకుంది. సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేసి, విండోస్ లేపి చూపించి, బూరెలు తిని, ఆదివారం సాయంత్రం రైలెక్కింది.

ఆ వారంలోనే లోకమంతా ఇదే గోల అని తెలిసింది. ఆమెది కొంత నయం. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నవాళ్ల జోలికి ఈ మార్పు రాదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ ఆ రెండూ ఉన్నాయని కొన్ని చోట్ల అప్‌డేట్ గుర్తించలేకపోయింది. దాంతో ఉబుంటు, డెబియన్, మింట్ వాడేవాళ్లు కొందరికి నిన్నటిదాకా నడిచిన లినక్స్ తెల్లారేసరికి లేవడం మానేసింది. అందరి తెర మీదా అవే రెండు వరసలు. సమస్య ఉన్నమాట నిజమేనని కంపెనీ ఆ నెలలోనే ఒప్పుకుంది. సెప్టెంబరు అప్‌డేట్ నుంచి ఆ మార్పు తీసేసింది. పూర్తిగా చక్కబడిందని ప్రకటించింది మాత్రం 2025 మే 13 అప్‌డేట్‌తో.

మాస్టారి ఇంట్లో ఉన్నది విండోస్ ఒక్కటే. అక్కడ అప్‌డేట్ చేయాల్సిందే చేసింది, చెప్పాల్సింది చెప్పింది కూడా. చెప్పిన చోటే ఎవరూ చూడని చోటు.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో మునిగింది. హాస్టల్ ఉన్నవైపు నీళ్లు రాకపోయినా ఇంట్లోవాళ్లు ఊరుకోలేదు. రైళ్లు కుదుటపడగానే వినాయక చవితికి రమ్మని ఫోన్ల మీద ఫోన్లు. 7వ తేదీ శనివారం చవితి. ఈసారి పెన్‌డ్రైవ్‌లో ఆగస్టు ఆఖర్లో విడుదలైన ఉబుంటు 24.04.1 ఉంది.

పత్రి పూజ అయ్యాక తాతా మనవరాలూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ముందు వివరం చెప్పింది: షిమ్, తరం నంబర్లు, చిప్‌లో వాక్యం.

మాస్టారు విని, "అయిదొందల నోటన్నమాట" అన్నారు. "2016 నవంబరు ఎనిమిదిన రాత్రి ఎనిమిదింటికి నా జేబులో ఉన్నది దొంగనోటు కాదు. రిజర్వు బ్యాంకు సంతకం చెక్కుచెదరలేదు. తెల్లారి కిరాణా కొట్టువాడు పుచ్చుకోలేదు. అంతేనా?"

"అంతే తాతయ్యా."

"మరి ఆ లోపమేమిటి? అంతగా నిషేధించాల్సింది?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె ఎదురుచూసినట్టే ఉంది. ఈ అప్‌డేట్ అడ్డుకోవాలనుకున్నది సీవీఈ-2022-2601 అనే లోపాన్ని. 2022 నవంబరులో బయటపడింది. గ్రబ్ తన మెనూ అక్షరాలు తెర మీద గీయడానికి ఫాంటు వాడుతుంది. ఒక్కో అక్షరానికి ఎంత మెమరీ కావాలో లెక్కవేసే చోట తప్పుంది. దుర్బుద్ధితో తయారుచేసిన ఫాంటు ఇస్తే ఆ లెక్క తక్కువ తేలి, అక్షరం తనకిచ్చిన చోటు దాటి పక్కకి పొర్లుతుంది. అలా పొర్లినదాంతో సెక్యూర్ బూట్ కాపలానే దాటేయొచ్చు. ఆమె పాత పెన్‌డ్రైవ్‌లోని గ్రబ్ ఆ ఏడాది ఏప్రిల్‌ది, లోపం బయటపడకముందుది.

"ఫాంటా?" అన్నారు మాస్టారు.

"ఫాంటే."

మాస్టారు నవ్విన నవ్వుకి అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చింది. పేజ్‌మేకర్‌తో, ప్రెస్సువాళ్లతో, ఎగిరిపోయిన ఒత్తులతో ఇన్నేళ్లు వేగిన మనిషి. "చూశావటే, ప్రపంచాన్ని ఆపింది కూడా ఫాంటేనట. మనింట్లో ఒక్కచోటే కాదు" అని ఆవిడకి చెప్పుకున్నారు. ఆవిడకి ఏ మేరకు అర్థమైందో గాని, ఉండ్రాళ్లు చల్లారిపోతున్నాయంది.

ఎఫ్12. పెన్‌డ్రైవ్ పేరు. ఎంటర్. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంది. నల్లటి తెర కాసేపు అలాగే ఉండేసరికి మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. తర్వాత గ్రబ్ మెనూ వచ్చింది, తెల్లటి అక్షరాలతో.

మిగతాదంతా చకచకా అయిపోయింది. విండోస్‌కి ఉన్న చోటులోంచి కొంత కుదించి ఇచ్చారు, ఉబుంటు అందులో కూర్చుంది, ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతోంది. బ్యాంకు పని ఉబుంటులో చూసుకుంటున్నారు. ఊరి చరిత్ర మాత్రం విండోస్‌లోనే, అను ఫాంట్లలోనే. యూనికోడ్‌లోకి మార్చేస్తానని మనవరాలు అంటే, కాలవల అధ్యాయం పూర్తయ్యేదాకా ఆ ఊసెత్తవద్దన్నారు.

ఆ పాత పెన్‌డ్రైవ్‌ని ఆమె చెరిపేయబోయింది. మాస్టారు అడ్డుపడ్డారు. కాపీ చేసుకోవడానికి వాడుకుందామనుకున్నారేమో అనుకుంది. కాదు. దాని మీద చిన్న కాగితం అంటించి, స్కూల్లో రిజిస్టర్ రాసిన చేతిరాతతో రాశారు: "2022 ఏప్రిల్. 2024 ఆగస్టు 14 నుంచి ఈ ఇంట్లో చెల్లదు." తర్వాత మనవరాలి చేత ఆ నెల అప్‌డేట్ వివరాల పేజీ ప్రింటు తీయించి, అండర్‌లైన్ చేసి, ఇంగ్లీషులో ఎక్కడెక్కడ అర్థం కాలేదో అడగడం మొదలుపెట్టారు.